మంచం పక్కన కత్తి

ఆదివారం, కవిటి

ఈ రోజు నా కత్తి విరిగింది. విరిగింది అనడం కూడా తప్పే, పిడిలోంచి ఊడి వచ్చింది.

టెక్కలి నుంచి బదిలీ మీద వచ్చి ఈ కొబ్బరితోటలోని ఇంట్లో ఒక్కదాన్నే అద్దెకు దిగినప్పుడు, భయమేసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పాతకాలపు రాజుల కత్తికి నకలు. రెండేళ్లుగా మంచం పక్కనే ఉంది. ఈ ఉద్దానంలో ఎవరు కత్తి కొన్నా ముందు కొబ్బరికాయ మీద కొట్టి చూస్తారు. నేను తళతళ చూసి నమ్మేశాను.

పొద్దున కాయలు దింపడానికి దాలయ్య వచ్చాడు. నాకో బొండాం కొట్టబోతుంటే, గొప్పకి పోయి నా కత్తి తెచ్చిచ్చాను. ఒక్క దెబ్బకే ఇనుము ఎగిరి గోడవారన పడింది. అతని చేతిలో పిడి మిగిలింది.

"ఏటి టీచరమ్మా ఇది? పిడిలోకి మేకంత ఇనుమే దించినారు. నాది సూడండి, లారీ కమానుపట్టీతో కొట్టించినాను. పిడి సివరిదాకా ఒకటే ఇనుము," అన్నాడు. పిడి నా చేతికిస్తూ, "అయినా మీకెందుకండి కత్తి?" అని అడిగాడు.

"రాత్రిళ్లు ఎవరైనా వస్తే..." అన్నాను.

అతను నవ్వలేదు. వెళ్తూ తన కత్తి గుమ్మం దగ్గర పెట్టాడు. "ఈ రేతిరికి ఉంచండి. రేపొచ్చి అట్టుకెల్తాను."

ఇప్పుడది మంచం పక్కన ఉంది. కొబ్బరిపీచు వాసన వేస్తోంది. ఎవరో వస్తారని రెండేళ్లు భయపడ్డాను. నిజానికి ఈ రెండేళ్లలో ఆ గేటు తీసుకుని నాకోసం ఎవరొచ్చారని...

రేపటి టీకి రెండో గ్లాసు వెతికి, దుమ్ము కడిగి పెట్టాను.