కొత్త బండి కమాన్లు

1966 ఏప్రిల్ 11

హనుమక్క దారిలోనే పోయింది.

కాన్పు అయ్యాక రక్తం ఆగలేదు. పికప్ వెనక పరుపు వేసి పడుకోబెట్టి, నేను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. మా డిస్పెన్సరీ నుంచి గార్లదిన్నె దగ్గర తారురోడ్డు ఎక్కేదాకా దారంతా గుంతలే. ప్రతి గుంతకీ బండి ఎగిరి పడింది. పడ్డప్పుడల్లా నా చేతి కింద గుడ్డ మళ్లీ తడిసింది.

కుదుపుల వల్ల కాదు, ఎలాగైనా బతికేది కాదు అని అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. కానీ ఆమె బండిలో లేదు.

ఏప్రిల్ 12

హనుమక్క భర్త ఈరన్న వచ్చి, ఆ పరుపు కడిగి ఆరబెట్టి వెళ్లాడు. తాగే నీళ్లకే దిక్కులేని రోజులు, వద్దన్నాను. వినలేదు.

ఏప్రిల్ 14

పొద్దున డ్రైవర్ ఓబుళేసు పిలిచి, బండి కిందికి వంగి చూడమన్నాడు. ఈ ఊరికి వచ్చి ఏడేళ్లు. ఆ బండిలో ఎన్నిసార్లు తిరిగానో, దాని కింద ఏముందో ఎన్నడూ చూడలేదు.

వెనక చక్రాల దగ్గర ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించి ఉన్నాయి. కమాన్లంటారట. బరువు మోసేదీ కుదుపు మింగేదీ అవే. మా బండికి రెండు పక్కలా సగం పట్టీలు విరిగిపోయాయి. ఒక పక్క కట్టెముక్క దూర్చి తోలువారుతో కట్టి నడుపుతున్నాడు.

మాది 1951 బండి. పెద్దాసుపత్రి వాళ్ల 1962 బండి మొన్న ఫిబ్రవరిలో రాప్తాడు దగ్గర మోరీ మీంచి బోల్తా పడింది. డ్రైవరు చెయ్యి విరిగి బయటపడ్డాడు. ఇంజను మాత్రం ఇక పనికిరాదు. ఆస్పత్రి వెనక గోడవారన పడేశారు. దాని వెనక కమాన్లకు ఏమీ కాలేదని ఓబుళేసు చూసి వచ్చాడు.

"ఆడ తుప్పు పట్టేదానికి ఈడ వేసుకుంటే పోలేదా అమ్మగారూ?" అన్నాడు.

రేపు నేనే వెళ్లి అడుగుతాను.

ఏప్రిల్ 19

డాక్టరమ్మ ఒక్క మాటతో సరేనంది. ఓబుళేసు రెండు రోజులు అక్కడే ఉండి కమాన్లు విప్పి, లారీలో వేయించుకుని వచ్చాడు. మా వాకిట్లో పాత బండిని జాకీతో లేపి రాళ్ల మీద నిలబెట్టాడు. కొత్తవి తెచ్చి పక్కన పెట్టి చూస్తే రెండు వేళ్లు పొడుగున్నాయి.

"ఒకే కంపెనీ బండ్లు కదా, తమ్ముని చొక్కా అన్నకు సరిపోతాదిలే అనుకొంటి. తమ్ముడు పొడుగైనాడే!" అని నవ్వాడు.

కమాన్ వెనక కొసను పట్టుకునే కొక్కేలు రెండు పక్కలా ఉంటాయి. వాటి రివెట్లు నరికి, ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేసి, కొంచెం వెనక్కి బిగించాలట. కమ్మరి చెన్నప్ప చేతి డ్రిల్లుతో రోజూ సాయంత్రం వచ్చి వేస్తానన్నాడు.

ఏప్రిల్ 22

ఒక సంగతి కనిపెట్టాను. బండి కింద ఉన్నప్పుడు ఓబుళేసు మాట్లాడతాడు. పైకి వస్తే మాట ఉండదు.

మధ్యాహ్నం పేషెంట్లు లేకపోతే బకెట్టు బోర్లించుకుని వాకిట్లో కూర్చుంటున్నాను. బోల్టులు తిప్పే పానాలు అందిస్తాను. నాకు కనిపించేవి అతని పాదాలే. అతనికి నా ముఖం కనిపించదు. అందుకేనేమో, కింద నుంచి నన్ను నువ్వు అంటాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకోగానే మళ్లీ మీరు, అమ్మగారు.

భార్య తిరుపాలమ్మ, పిల్లలు కొత్తచెరువులో ఉన్నారు. నెలకొకసారి వెళ్తాడు. ఆమెకు పాము కంటే గొంగళిపురుగంటే ఎక్కువ భయమట. కోపం వస్తే ఉప్పు లేకుండా వండి, తానూ అదే తింటుందట. ఇవాళ అడిగాడు: "నీకు ఎవరూ లేరామ్మా?"

అమ్మ గుంటూరులో పోయిందనీ, తమ్ముడు ఉన్నాడనీ చెప్పాను. ఏడేళ్లలో ఈ ఊళ్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. అందరికీ నర్సమ్మనే.

ఏప్రిల్ 24

ఆదివారం. పని లేదు. ప్రార్థన చదువుకున్నాను. రోజు గడవలేదు.

మెల్లగా చెయ్యమని ఓబుళేసుతో చెప్పాలనిపించింది. హనుమక్క గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఏప్రిల్ 27, రాత్రి, అనంతపురం

చేతులకు గ్రీజు ఇంకా పోలేదు. రాసి పడుకుంటాను.

మిట్టమధ్యాహ్నం ఎద్దులబండిలో రామాంజినమ్మను తెచ్చారు. తొలి కాన్పు. నిన్నటి నుంచి నొప్పులు. చూశాను, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆపరేషన్ తప్పదు. వాకిట్లో మా బండి రాళ్ల మీద ఉంది. ఎడమ పక్క పూర్తయింది. కుడి పక్క చక్రం లేదు, కమాన్ లేదు. పాతదే పెడదామంటే దాని రివెట్లు నరికేశారు. కొత్త కొక్కేనికి నాలుగు బోల్టులు కావాలి. చెన్నప్ప వేసింది రెండు రంధ్రాలు. కబురు పెడితే అతను సంతకు పోయాడన్నారు.

రామాంజినమ్మ తల్లి బయమ్మ వరండాలో నా కాళ్లు పట్టుకుంది. "నాకు ఇదొక్కతే ఉండేది తల్లీ!"

ఎద్దులబండిలో పోతే చీకటి పడుతుంది. రెండు బోల్టులు ఆగుతాయా అని బండి కింద ఉన్న ఓబుళేసును అడిగాను.

"తెలీదమ్మా. ఆగుతాయనే అనుకొంటాండా. ఊడితే వెనక కూచుండేది నువ్వూ ఆ పిల్లా. నువ్వే చెప్పు."

బిగించమన్నాను.

కమాన్ కొసను కొక్కేనికి కలిపే పిన్ను దూరాలంటే ఇంకొకరు కమాన్ ఎత్తి పట్టాలి. నేను బండి కిందికి దూరాను. తెల్లచీర, మట్టి, గ్రీజు. భుజంతో ఇనుము ఎత్తాను. ఓబుళేసు సుత్తితో కొడుతున్నాడు. అవతల వరండాలో ఆ పిల్ల కేకలు. "ఇంకొంచెం, ఇంకొంచెం, పొయింది!" అన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంత దగ్గరగా ఒక మనిషి ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

బయలుదేరాం. మొదటి గుంత వచ్చినప్పుడు కళ్లు మూసుకుని రామాంజినమ్మను గట్టిగా పట్టుకున్నాను. బండి మెత్తగా వంగింది. మెత్తగా లేచింది. అంతే. నమ్మలేక కళ్లు తెరిచాను. ప్రతి వాగు దగ్గరా ఓబుళేసు ఆపి, దిగి, బోల్టులు తడిమి చూసి, మళ్లీ ఎక్కాడు. గార్లదిన్నె దాటాక ఆ పిల్ల నీళ్లడిగింది. నాకు ఏడుపొచ్చింది.

తల్లి క్షేమం. మగపిల్లవాడు, ఆలస్యంగా ఏడ్చాడు, కానీ ఏడ్చాడు.

ఏప్రిల్ 28

పొద్దున డాక్టరమ్మ బండి దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఎక్కి కూర్చుని, ఆస్పత్రి చుట్టూ ఒక రౌండు కొట్టించుకుంది. ఈ పని ఎవరిది అని అడిగింది.

ఓబుళేసు తల వంచుకుని నిలబడ్డాడు. పేరు నేనే చెప్పాను. గర్వంగా చెప్పాను. కొలతల నుంచి కొక్కేల దాకా అన్నీ వివరించాను.

మే 3

చెన్నప్ప మిగిలిన రంధ్రాలు వేశాడు. నాలుగు బోల్టులూ బిగిశాయి. రాళ్లు గోడ పక్కకు దొర్లించారు. వాకిలి ఖాళీ.

మే 16

పెద్దాసుపత్రి నుంచి ఆర్డరు వచ్చింది. అక్కడ బండ్ల రిపేర్లన్నీ చూసుకోవడానికి ఓబుళేసును తీసుకుంటున్నారు. ఉండటానికి క్వార్టర్సు. తిరుపాలమ్మనూ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. ఇక్కడికి వేరే డ్రైవరు వస్తాడు.

చదివి వినిపించాను. కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత ముఖమంతా నవ్వయింది. వెంటనే ఆ నవ్వు దాచుకోబోయాడు. దాచుకోవద్దన్నాను.

నిజంగానే సంతోషించాను. రాత్రి అన్నం వండుకోలేదు.

మే 29

వెళ్లాడు. ట్రంకుపెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి. వెళ్లేముందు బండి కిందికి దూరి చాలాసేపు అన్నీ తడిమి చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను. కింద నుంచి, "నువ్వు ఒక్కదానివే ఉంటావు, తమ్మునికి జాబు రాస్తా ఉండమ్మా" అన్నాడు.

రాస్తానన్నాను. బయటికి వచ్చి చేతులు తుడుచుకుని, పోయొస్తా అమ్మగారూ అన్నాడు.

జూన్ 20

కొత్త డ్రైవరు సుంకప్ప. బండి బాగా నడుపుతాడు. అడిగినదానికి ఊ అంటాడు.

వాన లేదు. విత్తనం వేరుశనగ తినేస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. బెంగళూరు కూలికి మూడు కుటుంబాలు పోయాయి. నేను మాట్లాడే మాటలు: ఎన్నాళ్ల నుంచి? నాలుక చూపించు. మళ్లీ శుక్రవారం రా.

జూలై 9

తమ్ముడికి రాద్దామని కూర్చున్నాను. క్షేమం అని రాశాను. తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

జూలై 17

పేషెంట్లు లేరు. సుంకప్పను బండి తీయమన్నాను. "యాడికమ్మా?" అన్నాడు. పద, చెప్తాను అన్నాను. వెనక ఒక్కదాన్నే కూర్చున్నాను. అనంతపురం వచ్చింది. ఆస్పత్రి గేటు దగ్గర నిలపాలా అని అడిగాడు. వద్దన్నాను. రాప్తాడు కూడా దాటాక తిప్పమన్నాను.

వచ్చేటప్పుడు ముందు సీట్లోకి మారాను. గార్లదిన్నె దాకా ఊరుకుని, చివరికి సుంకప్పను మీది ఏ ఊరని అడిగాను.