స్టార్‌డార్ట్ రైలు మీద ఫిర్యాదులు

ఫార్మింగ్టన్ హిల్స్,
జూన్ 15, 2009.

పెబుల్ క్రీక్ రైల్వే మ్యూజియం సెక్రటరీ జయంతి గారి సముఖానికి,

విజయవాడలో రైలుపెట్టెల ఇన్‌స్పెక్టరుగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరై, ప్రస్తుతం మా అమ్మాయి సుధ ఇంట్లో ఆర్నెల్ల మకాం పెట్టిన శేషగిరి నమస్కరించి రాసుకునేది.

మీ కరపత్రం వెనక మీ పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. తెలుగావిడే అయివుంటారని తెలుగులోనే రాస్తున్నాను. కాకపోతే క్షమించి, ఎవరిచేతనైనా చదివించుకోండి. ఈమెయిలు కొట్టమని మా అల్లుడు లోకేష్ అన్నాడు గానీ, రైల్వే వ్యవహారం కాగితం మీద లేకపోతే జరగనట్టే.

నిన్న మా మనవరాలు అనుష్కతో మీ మ్యూజియం చూశాను. ఆవిరి ఇంజన్లకి నూనె పెట్టి, రంగులేసి, పెళ్ళికొడుకుల్లా నిలబెట్టారు. సంతోషం. కానీ అన్నిటికన్నా వెనక, ముళ్ళపొదల పక్కన, చేపమూతి లాంటి ముక్కుతో వెండిరంగు రైలొకటి కనబడింది. దాని ముందు బోర్డు: 'స్టార్‌డార్ట్, 1956. విఫలమైన రైలు.' మా అనుష్క చదివి, "తాతా, వాళ్ళు ఎందుకు మీన్‌గా, తిట్టినట్టు రాసారు? ట్రైన్ ఏమి చేసింది?" అని అడిగింది.

మా డిపార్ట్‌మెంట్లో బండి లేటవుతుంది, ఆగిపోతుంది, ఒక్కోసారి పట్టాలూ తప్పుతుంది. అంతేగాని విఫలమైందని దాని మొహం మీద రాసే అలవాటు మాకు లేదు.

ఉండబట్టలేక తనిఖీ చేశాను. రెండో పెట్టెలో పద్నాలుగో సీటు ఊగుతోంది. వెనక తలుపు గొళ్ళెం పడటం లేదు. చక్రాలన్నీ సుత్తితో కొట్టి చూశాను, మోత బాగానే ఉంది. ఇదంతా రాద్దామని ఫిర్యాదుల పుస్తకం అడిగితే మీ గార్డు నవ్వి గిఫ్ట్ షాపు చూపించాడు. ఫిర్యాదుల పుస్తకం లేకుండా ఇన్నేళ్ళు రైళ్ళు ఎలా నిలబెట్టారండీ?

తగు చర్య కోరుతూ,
శేషగిరి

తా.క.: సుత్తి మీ గార్డు దగ్గర ఉండిపోయింది. అది మా అల్లుడిది. అతనికింకా తెలియదు.


పెబుల్ క్రీక్,
జూన్ 22, 2009.

శేషగిరి గారికి నమస్కారాలు.

తెలుగుదాన్నే. మాది బందరు. ఇక్కడికి 1963లో వచ్చి, ఒక స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. మావారు పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచి నా శనివారాలన్నీ ఆ రైలుకే. అద్దాలు తుడుస్తాను, సీట్లకి కుట్లు వేస్తాను, ఉడతల్ని తరుముతాను. ఆ బోర్డు నేను రాయించింది కాదు. మూడుసార్లు తీయించాను, మూడుసార్లూ మళ్ళీ పెట్టారు.

మీరు మరోలా అనుకోకపోతే ఉన్నమాట చెబుతాను. అది నిజంగానే నెగ్గని రైలు. ఇప్పుడు పేరు కూడా మిగలని ఓ బస్సుల కంపెనీ, చవగ్గా తేలిగ్గా ఉంటుందని, బస్సు పెట్టెల్నే పట్టాలెక్కించింది. చూడటానికి రాకెట్టు. ఎక్కితే ఎడ్లబండి. తొమ్మిదేళ్ళకే మూలపడింది.

ఇప్పుడు దాన్ని ఆ మూల నుంచి కూడా లేపేస్తున్నారు. ఇంకో ఆవిరి ఇంజను వస్తోంది, చోటు కావాలట. అక్టోబరు 10న మా బోర్డు సమావేశం. ఆరోజు ఎక్కువమంది సరేనని చేతులెత్తితే, వారంలోగా స్టార్‌డార్ట్‌ని కోసి తుక్కుకి పంపేస్తారు. ఛైర్మన్ హాల్వర్సన్ గారు మంచివారే గానీ, "దీన్ని తలుచుకునేవాళ్ళు ఎవరున్నారు జయంతీ?" అంటారు. నాకు అది పోవడం ఇష్టం లేదు. అంతకన్నా వివరంగా చెప్పడం నాకు రాదు.

మీకు చేతనైతే ఒక్క సాయం చేయండి. మన తెలుగువాళ్ళ చేత, ఒకప్పుడు ఆ రైలెక్కినవాళ్ళ చేత, దాని గురించి నాలుగు మాటలు రాయించండి. ఎన్ని వస్తే అంత బలం.

మీ సాయం ఆశిస్తూ,
జయంతి

తా.క.: సుత్తి నా బీరువాలో భద్రం. ఆ రైల్లో కాఫీ సగం కప్పే పోసేవారట. మిగతా సగం ఎలాగూ ఒళ్ళోకే పోతుందని.


ఫార్మింగ్టన్ హిల్స్,
ఆగస్టు 3, 2009.

అమ్మా జయంతి గారూ, నమస్కారం.

మీ ఉత్తరం అందిన మర్నాడే పని మొదలెట్టాను. రెండువందల పేజీల నోటుబుక్కు కొని, గీతలు గీసి, నంబర్లేసి, అట్ట మీద ఇంగ్లీషులో 'ఫిర్యాదుల పుస్తకం' అని రాసి, పెన్నుతో సహా పురికొసతో రెండో పెట్టె తలుపుకి కట్టాను. మీ గార్డు ఈసారి నవ్వలేదు. మొదటి ఫిర్యాదు అతనే రాశాడు, రైల్లో ఉడతలున్నాయని.

ఆదివారాలు సుధ నన్ను దింపి వెళ్తోంది. ఇప్పటికి అరవై ఒక్కటి. మచ్చుకి కొన్ని రాస్తున్నాను.

'1957 ఆగస్టు. కొత్త టోపీ మీద టమాటో సూపు. టోపీ ఇప్పటికీ ఉంది, మరకా ఉంది.'

'1959. చికాగోలో ఎక్కినప్పుడు నా కట్టుడుపళ్ళు నా నోట్లో ఉన్నాయి. డెట్రాయిట్‌లో దిగినప్పుడు లేవు.'

'1958. కుదుపుకి పక్కసీటాయన నా ఒళ్ళో పడ్డాడు. తర్వాత అతన్నే పెళ్ళి చేసుకోవలసి వచ్చింది. నలభైయేడేళ్ళు భరించాను. దీనికి జవాబు కావాలి.' ఈవిడ పేరు డోరతీ, ఎనభై ఒక్క ఏళ్ళు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. తెలుగు సంఘం పిక్నిక్‌ని అటే మళ్ళించాను. సుధ స్నేహితురాలు రేణు, ఏసీ లేదని రాసింది. ఎమ్మెస్ చదువుతున్న శ్రీహర్ష అనే కుర్రాడు, 'చార్జింగ్ పాయింట్ లేదు. పైగా రైలు కదలడం లేదు' అని రాశాడు. నాకు ముచ్చటేసింది.

కార్యనిర్వహణలో ఉన్న,
శేషగిరి

తా.క.: ఉడతల ఫిర్యాదు మీద చర్య తీసుకోవలసింది మీరే అనుకుంటాను. గడువు పదిహేను రోజులు.


పెబుల్ క్రీక్,
ఆగస్టు 10, 2009.

శేషగిరి గారూ,

నమస్కారం కూడా నిలబడి పెట్టే స్థితిలో లేను. నేను అడిగింది మెచ్చుకోళ్ళండీ. మీరు చేయిస్తున్నది ప్రాసిక్యూషను.

నిన్న హాల్వర్సన్ గారు ఆ పుస్తకం మొత్తం చదివారు. కట్టుడుపళ్ళ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా పని తేలికైంది జయంతీ, ఇది చదివి వినిపిస్తే ఓటింగ్ కూడా అక్కర్లేదు" అన్నారు. పదకొండేళ్ళుగా నేను సబ్బుతో కడుక్కుంటూ వచ్చిన రైలుని మీరు ఆరువారాల్లో తుక్కుపాలు చేశారు.

మీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. కానీ ఉంది. దయచేసి పుస్తకం తీసేయండి. చేతనైతే నాలుగు మంచిమాటలు రాయించండి. లేకపోతే ఊరుకోండి, అదే పదివేలు.

జయంతి

తా.క.: ఉడతలు నా చెప్పుచేతల్లో లేవు. వాటికి గడువులిచ్చి చూడండి.


ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబరు 21, 2009.

అమ్మా,

మీ ఉత్తరం చదివి రెండురోజులు అన్నం సహించలేదు. సుధ బీపీ చూసింది. తర్వాత తేరుకుని ఆలోచించాను. తప్పు నాది కాదు. మీదీ కాదు. మీరు రైల్వేలో పనిచేయలేదు, అంతే.

నా సర్వీసులో నాకు అందిన మెచ్చుకోలు ఉత్తరాలు రెండు. ఒకాయన వాళ్ళబ్బాయికి మా సుధనివ్వమని అడగబోతూ రాశాడు. రెండోది పొరబాటున మా ఆఫీసుకొచ్చింది. ఫిర్యాదులు మాత్రం బస్తాలు. ఏ బండి మీద ఎక్కువ ఫిర్యాదులుంటాయో ఆ బండే జనానికి కావలసిన బండి. అక్కర్లేని బండి గురించి ఎవరూ పెన్ను తీయరు. యాభైయేళ్ళ కిందటి సూపు మరకని మనిషి మొన్నటిదానిలా చెబుతుంటే, మీ ఛైర్మనుకి అది తిట్టులా వినబడిందా? నాకు అలా వినబడలేదు.

అందుకని పుస్తకం తీయలేదు. మీరు కోప్పడినా సరే. మొత్తం రెండువందల పద్నాలుగు అయ్యాయి. నకలు మీ బోర్డుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పైన ఒక నోటు కూడా పెట్టాను: ఫిర్యాదు పెండింగులో ఉన్న పెట్టెను తుక్కు కింద రాసెయ్యడం మా పద్ధతి కాదని. మీ పద్ధతి ఏమిటో రాతపూర్వకంగా తెలపమన్నాను.

నా వీసా గడువు నవంబరు దాకానే. రైలు పోతే నేను ఇక్కడ ఉండగానే పోతుంది. అది చూడాలని నాకూ లేదు.

ఇప్పటికీ మీ శ్రేయోభిలాషి,
శేషగిరి

తా.క.: ఒక సంగతి మరిచాను. ఫిర్యాదు రాసిన ప్రతివారికీ మా పద్ధతి ప్రకారం రశీదు ఇచ్చాను. 'మీ ఫిర్యాదు అందినది. అక్టోబరు 10 ఉదయం పది గంటలకు బోర్డువారి సమక్షంలో సమాధానమివ్వబడును.' కుర్చీలు సరిపోతాయా?


పెబుల్ క్రీక్,
అక్టోబరు 12, 2009.

అన్నయ్యగారికి,

కుర్చీలు సరిపోలేదు.

మీకు ఆరోజు జ్వరమని సుధ ఫోన్ చేసి చెప్పింది. కాబట్టి జరిగింది మొదటినుంచీ రాస్తాను. మా బోర్డు ఏడుగురు. మామూలుగా సమావేశానికి వచ్చేది అయిదుగురు, ఒక కాఫీ ఫ్లాస్కు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకే కార్లు రోడ్డు దాకా బారుతీరాయి. నూట అరవైమందికి పైగా వచ్చారు. చేతికర్రలవాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు, మన ఎమ్మెస్ పిల్లలు ఒక వ్యాన్ నిండా. ప్రతివాళ్ళ చేతిలో మీ రశీదు. హాల్వర్సన్ గారు ఒకటి తీసుకుని చదివి, నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఆయన లేచి, రైలు బాగుండేది కాదని అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి తీసేస్తున్నామన్నారు. అప్పుడు డోరతీ గారు లేచారు. "నేను తీసెయ్యమని రాయలేదు. నాకు జవాబు కావాలని రాశాను. మా ఆయన అందులోనే నా ఒళ్ళో పడ్డాడు, దాన్ని కోసేస్తే నేనెవరిని అడగాలి?" అన్నారు. తర్వాత టోపీ ఆవిడ లేచింది. టోపీ పెట్టుకునే వచ్చింది. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో నాకు వినబడలేదు, అందరూ ఒక్కసారే మాట్లాడారు. కిందటేడు తెచ్చిన ఆవిరి ఇంజను ప్రారంభానికి ముప్పై ఇద్దరే వచ్చారని మా ట్రెజరర్ మెల్లిగా గుర్తుచేశాడు.

చివరికి తీర్మానం ఇది. ఫిర్యాదులన్నిటికీ జవాబులిచ్చేదాకా స్టార్‌డార్ట్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. జవాబులు రాయవలసింది సెక్రటరీ, అంటే నేను. వారానికి ఒకటికి మించి రాయలేనని చెప్పాను. హాల్వర్సన్ గారు వేళ్ళమీద ఏవో లెక్కలేసుకుని, పైకి నవ్వకుండా, సరే అన్నారు. మీరు నెగ్గారు. ఆగస్టులో నేను రాసిన ఉత్తరానికి సిగ్గుపడుతున్నాను.

మీకు ఒకమాట బాకీ ఉన్నాను. ఆ రైలు పోవడం నాకెందుకు ఇష్టం లేదో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మావారు మోహన్ 1954లో ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, మరుసటి ఏడు ఆ బస్సుల కంపెనీలో చేరారు. స్టార్‌డార్ట్ స్ప్రింగులు గీసింది ఆయనే. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళయిన కొత్తలో నన్ను అందులో ఎక్కించారు. ఆ కుదుపుకి నేను తల తిరిగి ఏడిచాను. ఆయన దారిపొడుగునా నా సీటు ఊగకుండా పట్టుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ రైలు ఊసు మా ఇంట్లో రాలేదు. చేతకాక పాడుచేశానని లోలోపల కుమిలిపోయారని అనుకుంటూ వచ్చాను. అందుకే ఆయన పోయాక దాన్ని కడుగుతూ కూర్చున్నాను. ఏం కడుగుతున్నానో నాకే తెలియదు.

నిన్న డోరతీ గారికి మొదటి జవాబు రాద్దామని, పెట్టెల వివరాల కోసం అటకమీది ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. ఇన్నేళ్ళూ తెరవడానికి మనసొప్పలేదు. అడుగున స్ప్రింగుల అసలు డ్రాయింగు ఉంది, 1955 నవంబరుది. దాని అంచున ఎర్రపెన్సిలుతో ఆయన అక్షరాలు: 'ఒక్కో పెట్టెకి రెండు ఇరుసులు చాలవు. నాలుగుండాలి. ఇలాగే కడితే ఎక్కినవాళ్ళు ఇబ్బంది పడతారు. దయచేసి జవాబివ్వండి.'

కింద పైఅధికారి సంతకం, 'చూశాను' అని ఒక్కమాట.

అన్నిటికన్నా ముందు ఫిర్యాదు మావారిదే అన్నయ్యగారూ. నేను ఏడ్చాను, కానీ ఇది వేరే ఏడుపు. డోరతీ గారిని ఈ వారానికి ఆగమని చెప్పాను. మొదటి జవాబు ఆయనకి రాస్తున్నాను.

మీ చెల్లెలు,
జయంతి

తా.క.: 'ప్రియమైన మోహన్‌కి, మీరు రాసింది నిజమే' అని మొదలుపెట్టాను. తర్వాత ఏం రాయాలో తోచడం లేదు. మీరు జవాబులు ఎలా రాసేవారో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.