కిక్కురుమనని యుకులేలే

మస్కట్

బామ్మర్ది నర్సింగానికి బావ భూమయ్య ఆశీస్సులు.

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోయాయని, నువ్వూ గల్ఫ్‌కు వస్తానని రాశావు. జగిత్యాల ఏజెంటు దగ్గరికి పోయేముందు నాకొక పని చేసిపెట్టు. నాకు జ్వరమొస్తే పక్క మంచం రోడెల్, ఫిలిప్పీన్స్ మనిషి, గంజి కాచి తాగించాడు. ఆ మహానుభావుడి యుకులేలే మీద నేను కూర్చున్నాను. నాలుగు నైలాన్ తీగల చిన్న గిటారు అది. అప్పడమైంది. రెండు నెలల్లో అతను ఇంటికి పోతాడు. ఉత్త చేతులతో ఎలా పంపను? బొమ్మ గీసి పెట్టాను. అలాంటిదే ఒకటి, ఎవరు కూర్చున్నా విరగకుండా చెయ్యి.

నీ బావ

తా.క. రోడెల్ ముక్కలు ఏరి గుడ్డలో కట్టుకున్నాడంతే. తిట్టినా బాగుండేది, నాకు ముద్ద దిగేది.

సిరిసిల్ల

బావకు నర్సింగం నమస్కారాలు.

కోరుట్ల మనిషి చేత యుకులేలే పంపాను. మందపాటి టేకు. నేను, నీ చెల్లె వందన ఇద్దరం ఎక్కి నిలబడ్డాం, చెక్కు చెదరలేదు. సాంచాలు బాగుచేసే చెయ్యి కదా, ఎక్కడ అదిరినా నాకు నిద్రపట్టదు. లోపల దూది కూరాను, అంచులకు రబ్బరు వేశాను, నడుమ రంధ్రం మూసేశాను. ఎంత లాగి కొట్టినా కిక్కురుమనదు.

నీ నర్సింగం

తా.క. బొమ్మలో ఆ రంధ్రం చూసి వందన, "పాపం, అన్న కూసున్న జాగ గిదే గావచ్చు" అన్నది.

మస్కట్

నర్సింగానికి దండం పెట్టి రాయునది.

రోడెల్ మీటాడు. అందరం చెవులు పెట్టాం. ఏమీ లేదు. "వెరీ స్ట్రాంగ్" అని నన్ను కౌగిలించుకున్నాడు. సిగ్గుతో చచ్చాను. తీగ ఒక్కటే పాడదట, అది చెక్కను కదిలిస్తే చెక్క పాడుతుందట. పైచెక్క పలుచగా, కడుపు ఖాళీగా, రంధ్రం తెరిచి ఉండాలట. అదరకూడనిది సాంచె నాయనా, ఇది అదరాలి!

నీ బావ

తా.క. నువ్వు చేసింది పారెయ్యలేదు. తలుపుకు అడ్డం పెట్టాం. ఎడారి గాలికి కూడా కదలడం లేదు.

సిరిసిల్ల

బావా, ఈసారి నవ్వకు.

రుద్రంగిలో తాటిచెట్లెక్కే రాజేశం కల్లు పోసే సొరకాయ బుర్ర ఇచ్చాడు. దాన్ని కోసి, టీ పెట్టె పలుచని చెక్కను మూతగా అతికించాను. గుండ్రటి బుర్రకు ఏ బిగింపూ నిలవలేదు. బంక ఆరేదాకా ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చున్నాను. అదే రోజు జగిత్యాలలో ఏజెంటు మనుషులను ఎంచుకున్నాడు. నేను పోయేసరికి జాగాలు నిండాయి. వందన నాతో మాట్లాడడం మానేసింది. తీగ మీటితే మాత్రం ఇల్లంతా మోగింది బావా. సాంచాలు ఆగాక మా వాడలో విన్న మంచి చప్పుడు అదే.

నీ నర్సింగం

తా.క. మీటినప్పుడల్లా కల్లు వాసన వస్తుంది. రాజేశం, "పాటకు గదే మంచిది, కడుగకు" అన్నాడు.

మస్కట్

నా నర్సింగానికి,

నువ్వు పంపిన బుర్ర పాడింది! మంచాల మీదివాళ్ళంతా లేచి కూర్చున్నారు. రోడెల్ కళ్ళు తుడుచుకున్నాడు. నీ రుణం తీర్చుకోలేననుకున్నాను.

మొన్న ఆ ఏజెంటు పంపినవాళ్ళు మా గేటు దగ్గర దిగారు. వాళ్ళ కాగితాల మీదున్న కంపెనీయే లేదట. బ్యాగుల మీద కూర్చుని ఏడుస్తున్నారు. నేను ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాను. నువ్వు లేవు. ఆ సొరకాయకు ఎన్ని దండాలు పెట్టుకున్నానో! వాళ్ళకు మా గదుల్లోనే చోటిచ్చాం, ఇంటికి పంపే దారి చూస్తున్నాం. నువ్వు కదలకు.

నీ బావ

తా.క. వందనను నీతో మాట్లాడమను. మాట్లాడితే కొట్లాటే అంటావేమో. కొట్లాడుకోండి, ఒక్క కప్పు కిందనే ఉన్నారు కదా.