బంతి ముట్టని రోజు

సెప్టెంబర్ 28, ఓర్వకల్లు
మళ్లీ ఓడాం. మూడు-సున్నా. బెల్లం చుట్టూ ఈగల్లా అందరూ బంతి చుట్టూనే! బస్సులో మా ఫుట్‌బాల్ క్యాంప్ కోచ్ గునిల్లా నా పక్క సీట్లో కూలబడింది. స్వీడన్‌లో పెద్ద స్ట్రైకర్. గోల్స్ కొట్టడం వచ్చింది గానీ కొట్టించడం చేతకావడం లేదంది. కోచ్ అయ్యాక ఇంతవరకు ఒక్క గెలుపూ లేదు. దసరా నాడు కడపతో ఆఖరి మ్యాచ్, తర్వాత క్యాంప్ క్లోజ్. ఒక్కటి గెలిస్తే చాలు, పర్వీన్, అంది నాతో. ఆమె ఇంగ్లీషును అమ్మాయిలకు తెలుగులో చెప్పడమే నా ఉద్యోగం. ఈ మాట మాత్రం చెప్పలేకపోయాను.

సెప్టెంబర్ 30
ఎండ. ప్రాక్టీస్. ఈగలే.

అక్టోబర్ 1, ఉదయం 6
కొంప మునిగింది. ఈరోజు ఆయుధపూజ! తెల్లారేసరికి బంతులన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టేశారు. మా ఫార్వర్డ్ శివలీల ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల అమ్మాయి. పూజ చేసినంక ఆ పొద్దంతా మా ఇంట్లో మగ్గమే ముట్టరు, బంతినెట్ల తంతామక్కా, కండ్లు పోతాయి అని మొండికేసింది. రేపే మ్యాచ్. గునిల్లా ముఖం చూడాలి! సాయిబులమైనా ఈరోజు మా నాన్న కూడా ఆటో బయటికి తీయడు. ఆమెకు అదే చెప్పాను.

అదే రోజు, 9 గంటలు
గునిల్లా కాసేపు తల పట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. సరే, బంతి లేకుండానే ఆడండి అంది. బంతి ఎవరి దగ్గరుందో తను అరుస్తుంది. మిగతావాళ్లు ఖాళీ చూసుకుని పరిగెత్తాలి. మొదట అందరూ పడీ పడీ నవ్వారు. గోల్‌కీపర్ అయితే, లేని బంతికి డైవ్ కొట్టి మోచేయి గీరుకుంది.

గంట గడిచేసరికి చిత్రం! ఈగలు చెదిరిపోయాయి. ముసరడానికి బెల్లమే లేదు మరి. నేనూ ఊరుకోలేక దూకాను. ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో.

అక్టోబర్ 2, కడప, సాయంత్రం
గెలిచాం గెలిచాం గెలిచాం!

ఒకటి-సున్నా. ఆట అయిపోవస్తోంది. వింగ్ నుంచి బంతి నేరుగా శివలీల కాళ్ల దగ్గరికొచ్చింది. డిఫెండర్లంతా తన మీదికే. పిల్ల కాళ్లు ఎడం చేసి బంతిని వదిలేసింది. ముట్టనే లేదు! వెనక ఖాళీలో మా ప్రణీత. ఒక్కటే తన్ను.

విజిల్ పడకముందే గునిల్లా గ్రౌండ్‌లోకి ఉరికి, శివలీలను ఎత్తుకుని భోరుమంది. రిఫరీ ఆమెకు ఎల్లో కార్డ్ చూపించాడు. ఆ కార్డుకు గాల్లోనే ముద్దు విసిరింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు. సంతోషం, ఇంకేముంది.

అక్టోబర్ 3
శివలీల వాళ్లమ్మ బసమ్మ ఫోన్ చేసింది. వాట్సాప్‌లో వీడియో చూసిందట. గోలు ఏసింది ఆ ప్రణీత గదా, మీ కోచమ్మ మా పాపనెత్తుకోని అట్ల ఏడ్సిందేమి తల్లీ, మా బిడ్డ ఏం తప్పు చేసింది అని అడిగింది.

గునిల్లాకు ఇంగ్లీషులో చెప్పాను. మళ్లీ ఏడ్చింది.