నాన్న ఒంటి దుమ్ము

డిసెంబర్ 2
తమ్ముడి దగ్గు తగ్గలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చొక్కా అయినా మార్చకుండా పడుకున్నాడు. అమ్మ మళ్లీ పసుపు నీళ్లు మరిగించి ఆవిరి పట్టించింది. దుప్పటి కప్పుకుని ఎంతసేపు కూర్చుంటాడో... మీసాలొచ్చినా చంటిగాడు నాకింకా చంటిగాడే.

డిసెంబర్ 4
వాంతులు. జ్వరం. పెరట్లోకి వెళ్లొస్తే చాలు, ఆయాసం.

డిసెంబర్ 5
ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా — నాన్న ఆ ఫిల్మ్ చూసి గోడకు ఆనుకున్నాడు. "నా వర్క్‌షాపు దుమ్మే. ఆ బట్టల్తోనే గదా సిన్నప్పుడు ఆడిని ఎత్తుకు తిరిగినాను." డాక్టరమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు. నాన్న మాత్రం తేల్చేసుకున్నాడు.

డిసెంబర్ 6
నాన్న టీకి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చంటిని అడిగింది — ఏం పీలుస్తున్నావ్, నిజం చెప్పు. మాస్క్ జరిపి నా వైపు చూశాడు. వేప్ అన్నాడు, ఎలక్ట్రానిక్ సిగరెట్టు. పెన్నులా ఉంటుందట, లోపల గంజాయి నూనె. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. దానివల్లే ఊపిరితిత్తులు వాచాయంది. మళ్లీ ముట్టుకుంటే ప్రాణానికే ముప్పంది.
ఇంట్లో ఎక్కడ పీల్చావురా అన్నాను.
"అమ్మ ఆవిరెట్టినప్పుడు... దుప్పట్లో."
దగ్గు తగ్గాలని అమ్మ పెట్టిన ఆవిరిలో! చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి పట్టుకుంటే వేళ్లు చల్లగా ఉన్నాయి, ఇక వదల్లేదు.
"నాన్నకి సెప్పకే అక్కా."
నేను చెప్పను. నువ్వే చెప్పాలి అన్నాను.

డిసెంబర్ 9
మందు పనిచేస్తోంది. ఇడ్లీ తిన్నాడు. చట్నీలో ఉప్పు లేదని వంక కూడా పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

డిసెంబర్ 14
ఇంటికి తెచ్చేశాం. ఎదురింటి బెంగాలీ పిన్ని, మా కాకీమా, కమలాపళ్లు తెచ్చి, చంటి తల నిమిరి వెళ్లింది. అమ్మ ఆవిరి గిన్నె పొయ్యి మీద పెట్టబోయింది — చంటి ముఖం పాలిపోయింది. డాక్టరమ్మ వద్దంది అని నేనే దించేశాను.

డిసెంబర్ 16
నాన్న డ్యూటీ నుంచి వచ్చి ఇంట్లోకి రావడం లేదు. ఈ చలిలో పెరటి కుళాయి కింద తల తడుపుకుని, బట్టలు బకెట్‌లో ముంచి, వణుకుతూ అప్పుడు గుమ్మం దాటుతున్నాడు. "ఇంక నా దుమ్ము ఇంట్లోకి రానీను." చంటి మంచానికి దూరంగా కూర్చుంటున్నాడు. వాడిని ముట్టుకోడు.
చంటి కిటికీలోంచి అంతా చూశాడు. అన్నం వదిలేశాడు.

డిసెంబర్ 17
నాన్నకు జలుబు. అయినా కుళాయే.

డిసెంబర్ 19
సాయంత్రం. తువ్వాలు పట్టుకుని చంటి పెరట్లోకి వెళ్లాడు. నాలుగు అడుగులకే ఆయాసం, గోడ పట్టుకుని ఆగి...
"దగ్గరికి రాకురా, ఇంకా కడుక్కోలేదు" అన్నాడు నాన్న.
చంటి కుళాయి కట్టేశాడు.
"నాన్నా, నీ దుమ్ము కాదు."
"మరేటిరా?"
చంటి తువ్వాలు నాన్న భుజాల మీద కప్పాడు. నేను అమ్మను వంటింట్లోకి లాక్కొచ్చేశాను. ఏమైందే, ఏమైందే అంటోంది...
ఇద్దరూ ఇంకా బయటే ఉన్నారు. చంటి గొంతు వినిపిస్తోంది, ఆగి ఆగి. నాన్న మాట మాత్రం వినబడటం లేదు.
అన్నం చల్లారిపోతోంది. పిలవబుద్ధి కావడం లేదు.