చెప్పుల సంచిలో వేయని బూట్లు

శ్రీ లక్ష్మీనరసింహుడే దిక్కు

ఆదిలాబాద్,
జిన్నింగు మిల్లు లైన్లు

అవ్వ పోయినంక నాకు అవ్వవైన లచ్చవ్వక్కకు, నీ తమ్ముడు నర్సయ్య కాళ్లు మొక్కి రాసుకుంటున్న సంగతులు. ధర్మపురిలో నువ్వు, బావ సల్లంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఈ చలికి బావ దగ్గు ఎట్లా ఉంది? పొద్దున గోదారి గంగ ఒడ్డుకు పోవద్దని నా మాటగా చెప్పు. నేను బాగున్నాను. కాళ్లు రెండూ బాగున్నాయి. కింద రాసింది చదివితే ఈ మాట నమ్మబుద్ధి కాదని ముందే రాస్తున్నాను. జర కూడా ఫికర్ చేయకు.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోన్‌లో నా గొంతు లేస్తుంది, నువ్వు ఏడుస్తావు, బావ ఫోన్ గుంజుకొని పెట్టేస్తాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఎవరితోనూ చదివించుకోకు. నిదానంగా కూడబలుక్కొని నువ్వే చదువు. భజన మండలి వాళ్లు ఎప్పటిలాగే ముక్కోటి ఏకాదశికి రెండు రోజుల ముందు సాయంత్రం నీ గడపకు వస్తారు. వాళ్ల ముందు నడుస్తూ నా చిడతలు వాయించుకుంటూ వచ్చేవాడు గంగారాం. నేను ఎందుకు లేనో వాడు వాని తీరుగా చెబుతాడు. వాని మాట చెవిన పడకముందే నా మాట వినాలి.

ఇక్కడి చలి సంగతి ఏం చెప్పను? తెల్లారి నల్లా కింద చేయి పెడితే వేళ్లు నావి కానట్టే ఉంటాయి. పత్తి సీజను కాబట్టి మిల్లులో పని ఆగదు. మన ఊళ్లో బట్టలు నేసే సాంచాల చప్పుడుతో పెరిగినవాణ్ని, ఆ చప్పుడు పోయి ఈ మిషన్ల చప్పుడు చెవిలో చేరి నాలుగేళ్లయింది. దూది పోగులు తలలో, కనుబొమ్మల్లో, అన్నంలో కూడా. జొన్నరొట్టె అలవాటైంది. నీ చేతి సర్వపిండి మాత్రం మరిచిపోలేదు, ఈసారి నువ్వులు ఎక్కువ వేసి చెయ్యి. ఒంటి మనిషిని కదా, పని దిగినంక గదిలో గోడలే కనిపిస్తాయి. అందుకే లైన్ల చివర ఉన్న హనుమంతుని గుడి ముందు నేను పురాణం చెప్పడం మొదలుపెట్టింది. బడిలో నాలుగు తరగతులు దాటనివాణ్ని, నా అంతట నేను అక్షరం అక్షరం చదువుకున్నవాణ్ని. అయినా నేను గొంతెత్తితే మిల్లు లారీ డ్రైవర్లు బండి ఆపుకొని వినేవారు.

ఆ జనంలో ముందు వరుసలో కూర్చునేవాడు గంగారాం. సరిహద్దున ఉన్న బేల ఊరి దిక్కు పిల్లగాడు, సగం మరాఠీ. "మహారాజ్" అని తప్ప నన్ను పేరుపెట్టి పిలవలేదు. వానికి చదవడం నేనే నేర్పాను. అన్న పాదుకలు తలకెత్తుకొని అడవి నుంచి వెనక్కు తిరిగిన తమ్ముని కథ నేను చెబుతుంటే వాడు తువ్వాలతో మొఖం కప్పుకొని ఏడ్చేవాడు. అది నిజం ఏడుపే అక్కా. అదే నన్ను ఇప్పుడు ఎక్కువ కాలుస్తున్నది.

నా మొక్కు నీకు తెలిసిందే. నస్పూర్ బొగ్గు బాయిలో పైకప్పు కూలి బావ కండ్లు తెరవకుండా పడి ఉన్నప్పుడు, ఆస్పత్రి గోడకు తల ఆనించి మొక్కాను. బావ లేచి తన కాళ్ల మీద నడిస్తే, నేను ఎక్కడ ఉన్నా అక్కడి నుంచి మూడు ముక్కోటులకు ధర్మపురికి నడిచి వస్తానని. రెండు అయ్యాయి. ఇది మూడోది. నా వెంట నడిచేవాళ్లు పెరిగి మండలి అయింది. చెప్పులు విడిచి నడవాలన్న కట్టుబాటు నేనే పెట్టాను. బయలుదేరేటప్పుడు అందరి చెప్పులు ఒక గోనెసంచిలో వేసి బస్సులో నీ ఇంటికి పంపడం, దర్శనం అయినంక ఎవరి చెప్పులు వాళ్లు తీసుకోకుండా పక్కవాడు తీసి కాళ్ల ముందు పెట్టడం, అప్పుడే నడక తీరినట్టు అనడం, అంతా నేను పెట్టిందే. రెండేళ్లు గంగారాం చెప్పులు నేను పెట్టాను, నావి వాడు పెట్టాడు. నువ్వు వాకిట్లో నిలబడి చూశావు.

ఇప్పుడు నీకు చెప్పని ఒక ముచ్చట. పోయినేడు నీ ఇంట్లో కాలికి బట్ట చుట్టుకొని అన్నం తిన్నాను. ముల్లు గుచ్చుకుంది అన్నాను. ముల్లు కాదు. షుగర్ వల్ల నా పాదాలకు తెలివి తగ్గింది. చలికి బొటనవేలి కింద పగిలి రోడ్డు మీద నెత్తురు గుర్తులు పడుతుంటే వెనక వచ్చేవాళ్లు చూసి చెప్పారు తప్ప నాకు తెలియలేదు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇక్కడి డాక్టరమ్మ మొఖం మీదే చెప్పింది. "పెద్దాయనా, మళ్ల ఒట్టికాళ్లతోని నడిచినవంటే పాదం కోసుడే. నడుసుడు మానుకో, లేకుంటే మంచి బూట్లు ఏసుకో."

మానుకోవడం నా చేతిలో లేదు. మొక్కు నాది, ప్రాణం బావది. కాబట్టి బూట్లే.

ఆ మాట గంగారాం ఒక్కనికే చెప్పాను. బావకు ఫోన్ చేసి, చలిలో ఏడు రోజులు నడిచేవాడు ఎట్లాంటి బూటు కొనాలని వేరేవాని మాటగా అడిగాను. బావకు గుర్తుందో లేదో, ఇరవై ఏళ్లు బాయిబూట్లు తొడిగిన మనిషి కదా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "పొద్దుగూకంగ కొనుమను, అప్పటికి పాదం ఉబ్బి ఉంటది. ఇనుప మూతి ఉన్నది అసలే వద్దు, చలికి ఇనుము ఏళ్లను కొరుకుతది. ముంగట బొటనేలు మందం జాగ ఉండాలె. దిగుడు దిగేటప్పుడు ఏళ్లు పోయి తగలొద్దు. మడిమె లేవొద్దు. లోపల నూలు సాక్సులు, మీద ఉన్నియి. పదిహేను దినాలు ఇంట్ల తొడిగి మెత్తగ చేసుకున్నంకనే రోడ్డెక్కుమను."

పని దిగి ఇద్దరం బజారుకు పోయాము. మూడు దుకాణాలు తిరిగాము. తెల్లటి ఆటల బూట్లు చూపించారు, తేలికే, కానీ పైన జాలీ, ఉట్నూరు అడవి మంచు అంతా లోపలికే. పోలీసు బూట్లు చూపించారు, అడుగు చెక్కలా వంగదు. మూడో దుకాణంలో పై అరలో ఉన్న జత దించారు. కొండలెక్కేవాళ్లు తొడిగేవట. చీలమండ దాటి పైకి ఉన్నాయి, లోపల ఉన్ని, అడుగున ట్రాక్టరు టైరుకు ఉన్నట్టు గాడులు. నా పాదానికి బిగువో వదులో తెలియదు కదా. గంగారామే తెలివి చేశాడు. నా పురాణం నోటు పుస్తకం నుంచి ఒక కాగితం చింపి, నన్ను దాని మీద నిలబెట్టి, పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీశాడు. గీత వెంబడి కత్తిరించి ఆ కాగితపు పాదాన్ని బూటులోకి జొనిపాడు. ఎక్కడా మడత పడలేదు. చేయి లోపల పెట్టి కుట్లు ఎక్కడైనా పొడుస్తున్నాయేమో తడిమి చూశాడు. మోకాళ్ల మీద కూర్చొని లేసులు కట్టాడు. దుకాణం మెట్లు నాతో పదిసార్లు ఎక్కించి దింపించాడు.

"మండలోళ్లు ఏమంటరో గంగారాం" అన్నాను.

"మీరు నోరే ఇప్పకుండ్రి మహారాజ్. బయలెల్లే దినం నేన్ జెప్త. డాక్టరు మాట, మొక్కు ముచ్చట అంత నేన్ జెప్త. నా మీద ఇడిచిపెట్టుండ్రి" అన్నాడు.

విడిచిపెట్టాను అక్కా. పదిహేను రోజులు తలుపు వేసుకొని గదిలో బూట్లు తొడుక్కొని గోడ నుంచి గోడకు నడిచాను. గుడి ముందు చెప్పే పురాణంలో మాత్రం ఆ మాట ఎత్తలేదు. రోజూ ఎత్తుదామనుకొని రోజూ దాటేశాను.

నిన్న పొద్దున అందరూ గుడి ముందు చేరారు. గంగారాం గోనెసంచి పట్టుకొని వరుసగా వస్తున్నాడు. ఒక్కొక్కరూ చెప్పులు విడిచి వేస్తున్నారు. నా ముందుకు వచ్చి ఆగాడు. సంచి మూతి బాగా తెరిచాడు.

"ఎయ్యిండ్రి మహారాజ్."

నేను వాని మొఖం చూశాను. చెప్పమన్నట్టు సైగ చేశాను.

"గట్ల సూత్తరేంది? పోయినేడు పోశవ్వ బట్టబూట్లు గీ సంచిలనే ఏపిచ్చిండ్రు గదా. దేవుని తొవ్వకు, మనిషికి నడుమ తోలు ముక్క అడ్డం పెట్టెటోనికి దర్శనం అందది అన్నది మీరే. నేను అచ్చరం మర్వలే. గప్పుడు పోశవ్వకు ఒక మాట, గిప్పుడు మీకు ఒక మాటనా?"

అవి నా మాటలే. నా గొంతు ఎక్కడ లేస్తుందో వాని గొంతు అక్కడే లేచింది. నేను నేర్పిన తీరే. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో "చెప్పుల సుంకం ముందుగల్ల పెద్దమనిషే కట్టాలె" అన్నారు. డాక్టరు మాట చెబుదామని నోరు తెరిచాను. వందల మంది ముందు ఉరిమిన ఈ నోటికి అక్కడ ఒక్క మాటే వచ్చింది.

"ఎయ్యను" అన్నాను. అంతే.

"అయితే తోవ ఇడువుండ్రి" అన్నాడు. గుడి మెట్టు మీద పెట్టిన నా చిడతలు తీసుకున్నాడు. మండలి అంతా వాని వెనక పోయింది. ఒక్కరు కూడా ఆగలేదు అక్కా. నేను జ్వరం వచ్చినప్పుడు గంజి పోసిన వాళ్లు, పిల్లల పేర్లు నాతో పెట్టించుకున్న వాళ్లు, ఒక్కరు ఆగలేదు. నన్ను రాళ్లతో కొట్టినా ఇంత మంట ఉండేది కాదు. వాడు నాయకుడు కావాలనుకుంటే అడిగితే ఇచ్చేవాణ్ని. నా పాదం కొలత తీసిన చేతులతోనే సంచి తెరిచి పట్టాడే, అది ఓర్చుకోలేకపోతున్నాను.

గుడి వాకిలి ఊడ్చే చప్పుడు వినిపిస్తే తల ఎత్తి చూశాను. పోశవ్వ. మిల్లులో రాలిన పత్తి ఊడ్చే ముసలామె. పోయినేడు నేను అందరి ముందు గద్దిస్తే బట్టబూట్లు విప్పి సంచిలో వేసింది. మడమలు పగిలి, ఇంద్రవెల్లి దాటకముందే కూలబడితే బస్సెక్కించి వెనక్కు పంపాము. మనుమరాలికి చూపు బాగుపడాలని మొక్కిన మొక్కు అట్లాగే నిలిచింది. ఆ తర్వాత ఆమె నా పురాణానికి రాలేదు. ఎందుకు రావడం లేదని నేను అడగలేదు.

చీపురు పక్కన పెట్టి వంగి నా కాళ్ల దిక్కు చూసింది.

"బూట్లు మంచిగున్నయ్ అయ్యా. ఏడ గొన్నరు?"

ఎత్తిపొడుపనుకున్నాను. కాదు. నిజంగానే అడిగింది.

"పోశవ్వా, నన్ను తిట్టు" అన్నాను.

"తిట్టుడు ఏడికి పోతది, తోవల తిడుత. ఏడు దినాలున్నది గదా. ముందుగాల దుకాణం సూపియ్యిండ్రి. నా మొక్కు గట్లనే ఉన్నది."

నిన్న పొద్దుగూకే వేళ అదే దుకాణానికి పోయాము. ఆడవాళ్లకు అట్లాంటి బూట్లు లేవన్నారు. బడిపిల్లల సైజులో ఒక జత దొరికింది. నేను మోకాళ్ల మీద కూర్చొని కాగితం మీద ఆమె పాదం గీశాను. మడమ పగుళ్లలోకి పెన్సిలు మొన దిగుతుంటే ఆమె "సక్కిలిగిలి అయితుంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాతి కంబంలో ఉన్నాడని నమ్మి కొలిచే స్వామి తోలులో లేడని ఏ నోటితో అన్నాను? ఈ మాట నిన్న గుడి ముందు తట్టలేదు, దుకాణంలో నేల మీద కూర్చున్నప్పుడు తట్టింది.

ఆమె బూట్లు కొత్తవి, మెత్తబడడానికి పదిహేను రోజులు లేవు. అందుకని మడమలకు ఆముదం రాసి, పాత చీర పీలికలు చుట్టి, మీద సాక్సులు తొడిగించాను. పూట పూటకు విప్పి ఇద్దరి కాళ్లూ చూసుకుంటూ వస్తాము. రేపు తెల్లారి బయలుదేరుతున్నాము. ఉట్నూరు, జన్నారం, లక్సెట్టిపేట మీదుగానే. మండలి కంటే రెండు రోజులు వెనక. ముక్కోటి నాడు ఉత్తర ద్వారం మూసేలోపల గంగ మీది రాయపట్నం వంతెన దాటాలన్నదే నా పట్టుదల. బావను వంతెన దగ్గరకు రావద్దను, చలిగాలి. వస్తే మఫ్లరు కట్టుకొని రమ్మను.

ఇక నువ్వు చేయవలసింది. మండలికి ఎప్పటిలాగే వండిపెట్టు. గంగారాంకు కూడా పెట్టు. వాని కాళ్లు పగిలి ఉంటాయి, వేడి నీళ్లు ఇవ్వు, పసుపు ఇవ్వు. నిన్ను చూసి నేను ఎక్కడని అడగకముందే వాడు తల దించుకుంటాడు. ఒక్క మాట కూడా అనకు. కానీ సంచి విప్పి వాని చెప్పుల జత తీసి బియ్యం డబ్బా వెనక దాచు. ఎంత అడిగినా ఇవ్వకు, ఒట్టు. రెండేళ్లు నేను పెట్టిన చెప్పులు, ఈ ఏడు కూడా నేనే పెడతాను. నేను వచ్చేదాకా వాని నడక తీరదు. పెడతాను గానీ వాని మొఖం చూస్తానని మాత్రం మాట ఇవ్వలేను. నా కోపం నీకు తెలుసు, అది ఇంకా నడుస్తూనే ఉంది. నా ముందు పెట్టడానికి ఈ ఏడు సంచిలో నా జత లేదని వానికి అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి. నీ ఇంటి అటక మీద పోయినేటి నీలం బట్టబూట్లు ఒక జత ఉన్నాయి. సంచిలో మిగిలిపోయినవి. ఇవి ఎవరివిరా అని నువ్వు అడిగితే తెలియదన్నాను. తెలుసు అక్కా. తెలిసే అబద్ధమాడాను. వాటిని దులిపి, రెండు రోజులు ఎండలో పెట్టి, వాకిట్లో ఉంచు. అవి పోశవ్వ కాళ్ల ముందు పెట్టేది నేను. గంగారాం చెప్పుల కంటే ముందు.

బావకు నా దండాలు. గుడి దగ్గరి పెద్దలందరికీ పేరు పేరునా మొక్కానని చెప్పు. నువ్వు దీవిస్తే ఈ ఏడు రోజులూ కాలికి పొక్కు లేవదు. ఉంటాను.

నీ చేతుల్లో పెరిగిన తమ్ముడు,
నర్సయ్య