ఫిబ్రవరి తాళాలు

నాయనా,

పోయినసారి నువ్వు తిరిగిన వీధుల్లోనే ఈసారి జనాభా లెక్కలు నేను రాశాను. ఎప్పటిలాగే ఫిబ్రవరి. వేరుశనగ ఎండిపోయి జనం బెంగుళూరు పనులకు వెళ్లిపోయారు. సగం ఇళ్లకు తాళాలే.

ఓబుళమ్మవ్వ తన కొడుకు పేరూ రాయమంది. ఊళ్లో లేనివాళ్లను ఇక్కడ రాయకూడదని, అక్కడే రాసుకుంటారని చెప్పాను.

"యాడ రాసుకుంటారు టీచరమ్మా? వాడు పండుకునేది కడతాండే బిల్డింగులో. చచ్చినోళ్లను గదా తీసేసేది? నా కొడుకు బతికే ఉండాడు."

నాకు వాదించే ఓపిక లేదు. రాయకుండానే లేచి వచ్చాను.

వానలు పడి, జనం తిరిగొచ్చాక లెక్క పెట్టమని నువ్వు పై ఆఫీసుకు పంపిన అర్జీ నకలు నీ పెట్టెలో దొరికింది. దాన్నే మళ్లీ రాసి పంపుతున్నాను. ఒక్క మాట కూడా మార్చలేదు. కింద నీ పేరు మాత్రం తీసేశాను.